రెండు దండి

వంకాయ కొంటే తొడిమ తిప్పి పుచ్చు చూస్తాను. పాలు పోయించుకుంటూ క్యానులోకి తొంగి చూస్తాను. దేవుడి ప్రసాదం కూడా కొంచెం వాసన చూసే తింటానని నా భార్య ఇప్పటికీ దెప్పుతుంది. అంతటి అనుమానం మనిషిని, ఒక ఇంగ్లీషు మాటను మాత్రం తిప్పి చూడకుండా నోట్లో వేసుకున్నాను. ఈ రకం తెలివితక్కువతనానికి ఇంగ్లీషులో గట్టి మాటే ఉంటుంది. వెతికే ధైర్యం లేదు.

డ్రిప్పు పైపులు అమ్మే కంపెనీలో నా ఉద్యోగం. కర్నూలు ఆఫీసులో ఉండేది ఇద్దరమే, నేనూ, పక్క కుర్చీ మిత్రుడూ. కడపకు మనిషి కావాలనీ, మాలో ఒకరిని పంపుతారనీ పుకారు పుట్టింది. నా భార్య కర్నూలులోనే నర్సు. ఊరిని ఆనుకునే ఉన్న కల్లూరులో కట్టుకున్న ఇంటికి గుమ్మాల రంగు కూడా ఆరలేదు. ఆ గుమ్మం వదిలి కడప గడప తొక్కడం నాకు సుతరామూ ఇష్టం లేదు.

ఎవరు పోవాలో తేల్చడానికి హైదరాబాదు నుంచి మేనేజరు వస్తున్నాడు. ఆయన మెచ్చాలంటే మామూలు ఇంగ్లీషు చాలదని చెప్పింది మిత్రుడే. డిగ్రీ రోజుల్లో కోచింగులో నేర్చుకున్న కిటుకు కూడా చెప్పాడు. ప్రతి ఇంగ్లీషు మాటనూ తెలుగు గుంజకు కట్టేయాలట. పెన్యూరీ అంటే పెనం ఊరికే ఉండే ఇల్లు, అంటే దరిద్రం. లాకోనిక్ అంటే నోటికి లాకు వేసుకున్నవాడు, తక్కువ మాట్లాడేవాడు. మండేన్ అంటే మండే పొద్దున ఆఫీసుకు పోవడం లాంటిది, రోజూ ఉండే చప్పటి వ్యవహారం.

పోటీలో ఉన్నవాడే పాఠం చెబుతుంటే ఎవరికైనా అనుమానం రావాలి. నాకూ వచ్చింది. మూడు మాటలనూ ఫోను డిక్షనరీలో సరిచూశాను. మూడూ సరిగ్గానే ఉన్నాయి. అక్కడే పడిపోయాను.

నాలుగోది రిడండంట్.

"రెండు దండి అని గుర్తు పెట్టుకోప్పా. ఇద్దురి పని ఒక్కడే దండిగా చేసేటోడు. నీకోసమే పుట్టిన మాట."

దీన్ని సరిచూడలేదు. తిట్టునైతే ఎవరైనా తిరగేసి చూస్తారు, పొగడ్తను ఎవరు చూస్తారు?

మేనేజరు వచ్చాడు. టీ తాగుతూ, ఈ ఆఫీసులో నీ పాత్ర ఏమిటని ఇంగ్లీషులో అడిగాడు.

"సార్, ఐ యామ్ రిడండంట్ ఇన్ దిస్ ఆఫీస్."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఆర్ యూ షూర్?"

"ఫుల్లీ రిడండంట్, సార్. ఫ్రమ్ ద ఫస్ట్ డే."

ఇంత నిజాయితీ తన సర్వీసులో చూడలేదని ఆయన నా భుజం తట్టాడు. నేను పొంగిపోయాను. మిత్రుడు మాత్రం నోటికి లాకు వేసుకుని, కరెంటు లేక ఆగిపోయిన ఫ్యానును శ్రద్ధగా చూస్తూ కూర్చున్నాడు.

వారం తిరగకుండా నాకు కడప ఆర్డరు వచ్చింది. బస్సులో కూర్చున్నాక డిక్షనరీ తెరిచాను. రిడండంట్ అంటే అక్కరలేనిది, ఉన్నా లేకున్నా ఒకటే. అక్కడి నుంచే మిత్రుడికి ఫోను చేసి, ఆ మాటకు అర్థం అది కాదట కదా అన్నాను.

"నాకూ అట్లనే చెప్పినారప్పా. నేనేమన్నా కావాలని చేసినానా?"

కావాలని చేశావని నేను అననే లేదు. ఆ 'కావాలని' దగ్గరే నా అనుమానం గుడిసె వేసుకుంది. ఇప్పటికీ ఖాళీ చేయలేదు. నిజంగానే వాడికీ తెలియదేమో, చెప్పలేను. వారమంతా కడపలో, ఆదివారం కల్లూరులో. నా సొంత ఇంటికి నేను చుట్టాన్నయ్యాను. పట్టుదల కొద్దీ మాటలు మాత్రం నేర్చుకుంటూ పోయాను, ఒక్కోదాన్నీ వంకాయలా తిప్పి చూసుకుంటూ.

ఈమధ్య మేనేజరు కడప వచ్చాడు. కర్నూలు గోడౌను పర్యవేక్షణ బాగుందని, మిత్రుణ్ని నా దగ్గర మెచ్చుకుని పోయాడు. మరో రెండు రోజులకు మిత్రుడి ఫోను. సారు తనకు మెసేజి పెట్టాడట, గోడౌను విషయంలో నీ ఓవర్‌సైట్‌ను గమనించానని.

"డిక్షనరీలో రెండు అర్థాలుండాయప్పా. ఒగటి పర్యవేక్షణంట, ఇంగొగటి పొరపాటంట. సారు ఏది అనుకోని రాసినాడు? ఆయప్పను అడగల్లంటే భయమైతాంది."

నాకు తెలుసు. ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు. అబద్ధం ఆడటం నాకు చేతకాదు, కాబట్టి ఆడలేదు.

"రెండూ కరెక్టేనప్పా," అన్నాను. కొంచెం ఆగి, "గోడౌన్లో అంతా బాగానే ఉండాది కదా?" అని అడిగాను.

వాడు ఫోను పెట్టేశాడు. మర్నాడు పొద్దున మెసేజి పెట్టాడు, సారు నీతో ఏమన్నా అన్నాడా అని. తెరిచి చదివాను. చదివినట్టు వాడికి నీలం టిక్కులు కనబడతాయని తెలిసే, ఫోను జేబులో పెట్టుకుని, ఉగ్గాని తినడానికి పోయాను.