కాలిన ఇంటి పచ్చదనం

ఈ రోజు అమెరికాలోని జెర్సీ సిటీలో, వీధిలో నడిచేవాళ్ల కంటికి ఎంత పచ్చదనం కనిపిస్తుందో ఫొటోలు తీసి కొలిచాం. తక్కువున్న వీధుల్లోనే సిటీవాళ్లు చెట్లు నాటుతారు.

ఒక వీధిలో చెట్టన్నదే లేదు. ఎండలో మెట్ల మీద కూర్చున్న ముసలావిడ "మాకూ నీడ వస్తుందా?" అని అడిగితే, తప్పకుండా వస్తుందన్నాను.

సాయంత్రం మా సూపర్‌వైజర్ మూర్తిగారు ఆ వీధి ఫొటోలు చూసి, "ఈ వీధిని చెట్లు నాటే లిస్టులోంచి తీసెయ్యవోయ్, గ్రీన్ బాగానే ఉంది" అన్నారు.

"అవి ఇల్లు తగలబడిన చోట మొలిచిన పిచ్చిమొక్కలండీ. ఆ మంటల్లో ఇద్దరు పిల్లలు పోయారట."

"కెమెరాకి అవన్నీ ఎందుకయ్యా? గ్రీన్ ఈజ్ గ్రీన్."

ఆ లెక్కన మిగతా ఇళ్లు కూడా కాలిపోతే ఆ వీధి పార్కయిపోతుంది! రేపు మళ్లీ ఆవిడ ముందు నుంచే వెళ్లాలి. ఏం చెప్పమంటారు?