ఆదివారం ఎలకల కబురు

కౌలాలంపూర్‌లో ఒక పరిశోధనశాల జంతువుల గదిలో నా ఉద్యోగం. ఎలకల కాలేయంలోకి క్యాన్సర్ కణాలు ఎక్కించడం, గడ్డ పెరిగాక నానో రేణువుల్లో నింపిన మందును తోక నరంలోకి ఇవ్వడం, చెప్పిన రోజున వాటిని చంపి కాలేయాలు తూచడం. గడ్డ తగ్గిన ఎలకైనా సరే, ఆ రోజు దాటి బతకదు. మొదట్లో ఏడ్చేదాన్ని. తర్వాత భోజనానికి ముందే పని ముగించుకోవడం నేర్చుకున్నాను.

మా నాన్న బటాంగ్ బెర్జుంటై అనే ఊరి తోటల్లో పామాయిల్ గెలలు కోసి, వచ్చిందంతా సారాకు పోసినవాడు. తాగితే అమ్మను కొట్టేవాడు, తాగకపోతే నన్ను. చివరికి కాలేయమంతా మచ్చలు పడి గట్టిపడింది, అందులో క్యాన్సర్ పుట్టింది. తగిన శాస్తి జరిగిందనే అనుకున్నాను.

ఆసుపత్రివాళ్ళు మాత్రలిచ్చారు. ఒక ఆదివారం ఆయన్ని చూడ్డానికి వెళ్ళి, మాటల్లో మాటగా, కొత్త మందుకు ఎలకల్లో గడ్డలు తగ్గాయని చెప్పాను. మంచం మీద లేచి కూర్చున్నాడు.

"మా అమ్మి సేసిన మందు, లాహ్!" అని ఇక్కడి మలయా యాస కలిపి, పక్కింటివాళ్ళను కేకేసి మరీ చెప్పాడు.

పుట్టి బుద్ధెరిగాక ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. సిగ్గులేకుండా పొంగిపోయాను. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఎలకల కబురు అడిగేవాడు, చెప్పేదాన్ని.

ఆ ఎలకలకు గడ్డ తప్ప మిగతా కాలేయమంతా శుభ్రంగా ఉండేది. నాన్నలాంటి రోగుల కాలేయం అలా ఉండదు. అందుకని తర్వాతి గుంపుకు వారాల తరబడి విషమిచ్చి, ముందు కాలేయం పాడుచేసి, ఆ తర్వాత మందిచ్చాం. అది గడ్డదాకా చేరనే లేదు. ఒక్క ఎలకా బాగుపడలేదు. ఆ ఫలితం తెలిసిన ఆదివారం కూడా "బాగున్నాయి నాన్నా" అన్నాను.

రెండు నెలలకు ఆయన కళ్ళు పచ్చబడ్డాయి. మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగితే దిండు కింద నుంచి విప్పని అట్టలు తీసి చూపించాడు.

"అయి ఏసుకుంటే అరికాళ్ళ తోలు ఊడొస్తందే అమ్మీ. నీ మందు వచ్చేస్తాది కదా, అందాకా ఇయెందుకని మానేసినాను."

ఆసుపత్రికి తీసుకెళ్తే, ఇక ఆ మాత్రలిచ్చినా కాలేయం తట్టుకోదని చెప్పేసింది డాక్టరమ్మ. బయట బెంచీ మీద కూర్చోబెట్టి ఆయనకు నిజమంతా చెప్పాను. చెయ్యెత్తుతాడనుకున్నాను. ఎత్తితే బాగుండునని కూడా అనిపించింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"రెండు నెలలైంది."

"మరి నాకెందుకు సెప్పలేదే?"

"చెబితే నన్ను మెచ్చుకోవడం మానేస్తావని."

నాన్న నా వైపు తిరిగాడు.

"నిన్ను సిన్నప్పుడే ఓపాలి మెచ్చుకునుంటే, ఇంకొన్నాళ్ళు బతికేవోణ్ణి కదే" అన్నాడు.