ఊదా రంగు బంగారం

మా కాశీబుగ్గలో బట్ట మీద ఏ మరక కనబడినా జీడి మరకే అనేవారు. జీడిపిక్క కాల్చి కొట్టేవాళ్ళ చేతులకి నల్ల మరక, పప్పు మీది పొట్టు ఒలిచేవాళ్ళ చేతులకి గోధుమ మరక. అందుకే మా మేనత్త తెల్ల చీర కొంగు మీద ఊదా మరక లేచినప్పుడు ఎవరూ రెండోసారి చూడలేదు.

అవి అరవైల చివరి రోజులు. నాకు పందొమ్మిదేళ్ళు. పి.యు.సి. పాసై ఇంట్లో ఉన్నాను. నాన్న టెక్కలిలో సైన్సు మాస్టారు. అమ్మ నా చిన్నప్పుడే పోతే, భర్త పోయి పూండి నుంచి మా ఇంటికి వచ్చేసిన మేనత్తే నన్ను పెంచింది. నాకు మనుషులంటే బెరుకు. గుమ్మంలో ఎవరి చెప్పుల చప్పుడైనా వినబడితే పుస్తకం పట్టుకుని లోపలికి పోయేదాన్ని. చెప్పుకోవలసిన మాటలు డైరీలో రాసుకునేదాన్ని. పుస్తకాల్లో నచ్చినవి కూడా అందులోకే ఎక్కించేదాన్ని.

మేనత్తకి ఒక గొలుసు ఉండేది. పెళ్ళైన కొత్తలో భర్త చేయించింది. మెడలో వేసుకునే రాత పోయినా అప్పుడప్పుడూ పెట్టె తీసి దాన్ని అరచేతిలో పోసుకుని కూర్చునేది. ఆ ఎండాకాలం మొదట్లో, నగలకి మెరుగు పెడతానని ఒకతను వీధిలోకి వచ్చాడు. మేనత్త అతన్ని అరుగు మీదే కూర్చోబెట్టి, ఎదురుగా తనూ కూర్చుంది. నేను తలుపు చాటునుంచి చూస్తున్నాను. అతను పింగాణీ గిన్నెలో ఏదో నీళ్ళు పోసి, చిటికెడు పసుపు వేసి, అందులో గొలుసు ముంచాడు. ముక్కు మండే వాసన వేసింది. కాసేపటికి గొలుసు తీసి, చెంబులో ఒకసారి జాడించి ఇచ్చాడు. మేనత్త కొంగుతో తుడుచుకుంది.

"సురుక్కుమంతంది, ఏటి బాబూ ఇది?"

"మెరుగు మందమ్మా. సబ్బుతో కడుక్కుంటే పోద్ది."

గిన్నెలో నీళ్ళు అలాగే సీసాలో పోసుకుని అతను వెళ్ళిపోయాడు. గొలుసు తళతళలాడింది. మేనత్త ఆ మెరుపు చూసి మురిసిపోయి, అరచేతిలో పోసుకోకుండానే పెట్టెలో దాచింది.

పది రోజుల తర్వాత చూస్తే కొక్కెం ఊగుతోంది. గొలుసు చేసిన కంసాలి తాత దగ్గరికే తీసుకెళ్ళి బాగుచేయించింది. ఇంటికొచ్చి అలవాటు ప్రకారం అరచేతిలో పోసుకున్నాక ఆమె ముఖం మారిపోయింది. త్రాసు అక్కర్లేదు, ఆ బరువు ఆమె చేతికి తెలుసు. తిరిగి తాత కొట్టుకి వెళ్ళింది. వెనకే నేనూ వెళ్ళాను.

"నా పెట్లో ఉన్నన్నాళ్ళూ అరగని బంగారం, నీ కొట్లో ఒక్కపూటలో అరిగిపోయిందేటి?" అంది.

తాత గొలుసు పట్టుకుని చూసి తెల్లబోయాడు. "తగ్గిన మాట నిజమే సెల్లీ. గానీ నాను ముట్టలేదు. నా సేత్తో సేసిన గొలుసు, నానే కోసుకు తింతానేటి?"

"మరెవుడు తిన్నాడు? మెరుగు పెట్టినోడా? ఆడు నా కళ్ళ ముందు కూకున్నాడు. రెప్ప ఎయ్యలేదు నాను."

మేనత్త మధ్యాహ్నాలు పక్కనున్న షెడ్డులో కాలక్షేపానికి జీడిపప్పు పొట్టు ఒలిచేది. ఆ సంగతి అక్కడ చెప్పింది. తల్లి బంగారమైనా కంసాలి దొంగిలించక మానడన్న పాత సామెత వాళ్ళ నాలుకల మీద సిద్ధంగానే ఉంది. అసలే ప్రభుత్వం బంగారం మీద ఆంక్షలు పెట్టాక కంసాలులకి పని పలచబడిన రోజులు. వారం తిరక్కుండా తాత కుంపటి చల్లారింది. కొట్టు మూసేసి బారువలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతాడట అని విన్నాను. ఆయన దొంగ కాదని నాకెందుకో అనిపించేది. కానీ మెరుగు పెట్టినతను ఏమీ తీసుకోవడం నేనూ చూడలేదు కదా.

ఆ వారమే కొంగు ఉతుకుతూ ఆ మరకతో తంటాలు పడ్డాను. సబ్బు, చింతపండు, నిమ్మకాయ, దేనికీ లొంగలేదు. జీడిపొట్టు మరక ఎండలో వేస్తే కాస్తయినా వెలుస్తుంది. ఇది ఎండకి ముదురుతోంది. విసుగొచ్చి కొంగు ఎత్తి సూర్యుడికి అడ్డంగా పట్టాను. మరక మధ్యలో బట్ట తిని చిన్న చిల్లు పడింది. దాని చుట్టూ ముదురు ఊదా, ఇంకా బయటికి నేరేడు రసం నీళ్ళలో కలిపినట్టు, అంచున లేత గులాబీ. అంత నిర్మలమైన రంగు మా వీధిలో ఎక్కడా లేదు. చేతులు నొప్పెట్టేదాకా చూశాను.

చూస్తుండగానే, నా అక్షరాల్లోనే రాసుకున్న ఒక సంగతి గుర్తొచ్చింది. పరుగున వెళ్ళి డైరీ తీశాను. నాన్న తెచ్చిన పాత కెమిస్ట్రీ పుస్తకం చదివి ఏడాది కిందట రాసుకున్నదే: బంగారాన్ని ఏ ద్రావకమూ ఒంటరిగా ముట్టుకోలేదు, నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆసిడ్లు రెండూ కలిపితే మాత్రం కరిగిపోతుంది, దాన్ని రాజద్రావకం అంటారు. కరిగాక పసుపుపచ్చ నీళ్ళవుతుంది. ఆ నీళ్ళు చర్మానికి అంటితే వెలుతురుకి ఊదాగా మారతాయి. ఆ ఊదా, తిరిగి బంగారమే. కాకపోతే కంటికి ఆననంత సన్నని రేణువులు. ఏదో అందం కోసం రాసుకున్నాను గానీ నిజమనుకుని కాదు.

అప్పుడు మెరుగు పెట్టినతను పసుపెందుకు వేశాడో తెలిసింది. మా ఇద్దరి కళ్ళ ముందే బంగారం నీరైపోయింది, పసుపు నీళ్ళలో పచ్చగా. మేము చూస్తూనే ఉన్నాం. 

మేనత్తకి చెప్పడానికి మధ్యాహ్నం దాకా ధైర్యం చాల్లేదు. అన్నం పెట్టుకుంటుంటే చెప్పాను.

"అత్తా, కొంగు మీద మరక జీడి కాదు. బంగారం."

"ఎండదెబ్బ తగిలిందేటే గుంటా? బంగారం పచ్చగుంటాది. నీ పుస్తకాలు మండ."

"నీ సేతేళ్ళు సూడు."

"పొట్టు ఒలిసే అందరికీ ఉంటాది మరక."

"ఊదాగా ఉంటాదా?"

ఆమె వేళ్ళు ఎత్తి చూసుకుంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు గోళ్ళ మొదళ్ళలో అదే రంగు. పొట్టు తాలూకు గోధుమరంగు కింద ఇన్నాళ్ళూ దాక్కుంది. మేనత్త లేచి వెళ్ళి వేళ్ళు సబ్బుతో రుద్దుకుంది. రెండు రోజులు రుద్దినా ఆ రంగు పోలేదు. మూడోరోజు పొద్దున్న ఆ చీర మడతపెట్టి చంకలో పెట్టుకుని వచ్చింది.

"పద కంసాలి దగ్గరికి. అబద్ధమైతే నీ పుస్తకాలన్నీ ఆడి కుంపట్లో ఏసేత్తాను."

తాత పనిముట్లు గోనెసంచిలో సర్దుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు. మేనత్త నా వీపు మీద తట్టింది. మూడు మాటల్లో చెప్పాల్సింది ముప్పై మాటల్లో చెప్పాను. ఆయన కొంగు తీసుకుని వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు.

"కొట్టు ఊడ్సిన దుమ్ము, సేతులు తుడుసుకున్న గుడ్డలు కాల్సి బంగారం తీడం మాకు మామూలే. గానీ ఈ రంగు గుడ్డ నానెప్పుడూ కాల్సలేదు పాపా. ఏటీ దొరక్కపోతే?"

"దొరక్కపోతే నువ్వు దొంగవే," అంది మేనత్త. కత్తెర అందుకుంది. "ఇటియ్యి. నా కొంగు నానే కోత్తాను."

మరక ఉన్న మేరకు కత్తిరించి ఇచ్చింది. తాత కుంపటి రాజేశాడు. గుడ్డ నిప్పంటుకుని ముడుచుకుంది. బూడిదని మట్టి మూసలో ఊడ్చి, కరిగి కలవడానికి వెలిగారం పొడి చల్లి, ఊదుగొట్టం నోట పెట్టుకున్నాడు. ఆయన బుగ్గలు తిత్తుల్లా ఉబ్బాయి. మూసలో బూడిద ఎర్రబడి, కరిగి, గాజులా కదిలింది. మేనత్త రెప్ప వెయ్యడం లేదు.  ఏమీ లేకపోతే ఈ ముసలాయన్ని రెండోసారి దొంగని చేసింది నేనే.

తాత ఊదడం ఆపాడు. మూస చల్లారనిచ్చి, గాజుముద్దని సుత్తితో మెల్లగా తట్టాడు. పట్కారు నాకిచ్చాడు. పెంకుల మధ్య నుంచి తీశాను. గసగసాల గింజంత గుండు. పచ్చగా మెరుస్తోంది.

నిన్నటిదాకా తీగమీద ఆరిన ఊదా రంగు ఇదే. కొత్తగా ఏదీ కలవలేదు, ఏదీ పోలేదు. విడివిడిగా ఉన్నవి దగ్గరికి వచ్చాయంతే, రంగు తిరిగి వచ్చేసింది. దేవుడి గదిలో కూడా నాకు ఎప్పుడూ రాని నిశ్శబ్దం ఆ మసిపట్టిన కొట్లో వచ్చింది.

మేనత్త ఆ గుండుని వేలితో తాకి చూసింది. "అన్నా, నోరు జారినాను."

"నువ్వు నోరు జారింది షెడ్డులో సెల్లీ. ఇక్కడొప్పుకుంటే ఎవులికి ఇనపడతాది?" అన్నాడు తాత, పెంకులు ఊడ్చుకుంటూ.

 ఆ మధ్యాహ్నం మేనత్త నన్ను చెయ్యి పట్టుకుని షెడ్డులోకి లాక్కెళ్ళింది. పాతికమంది ఆడవాళ్ళు పీటల మీద కూర్చుని పొట్టు ఒలుస్తున్నారు. ఆమె నిలబడే, అప్పుడు ఏ గొంతుతో తిట్టిందో ఆ గొంతుతోనే, కంసాలిది తప్పు లేదని, తప్పు తనదని చెప్పింది. చేతులు ఆగిపోయాయి.

"సూత్తండగా బంగారం మాయమైపోద్దా? మెరుగు పెట్టినోడేటి మంత్రగాడా?" అంది ఒక ముసలమ్మ.

"కంసాలి మందెట్టినాడేమో నీకు," అంది ఇంకొకామె. నవ్వులు.

మేనత్త నావైపు తిరిగింది. "నాకు సెప్పడం రాదు. నువ్వు సెప్పే."

అంతమంది కళ్ళు నా మీద ఎప్పుడూ పడలేదు. నేల చూస్తూనే మొదలుపెట్టాను.

"బారువలో సముద్రం ఏ రంగు?"

"నీలం," అన్నారు ఎవరో.

"దోసిట్లోకి తీసుకుంటే?"

"రంగేటి ఉంటాది?"

"అలై నురుగు కడితే?"

"తెలుపు."

"మూడూ ఒకే నీళ్ళు కదా పిన్నీ. బంగారమూ అంతే. ముద్దగా ఉంటే పచ్చన. ద్రావకంలో కరిగితే పసుపు నీళ్ళు, ఎవులికీ తెలీదు. మన కళ్ళకి ఆననంత సన్న రేణువులైపోతే, ఎండలో దాగున్న రంగుల్లో ఆకుపచ్చని అది మింగేసి ఎరుపునీ నీలాన్నీ మనకి వొదిలేత్తాది. అందుకే ఊదా. ఎందుకు ఆకుపచ్చనే మింగుతాదో నాకు తెలీదు. మా నాన్నకీ తెలీదు."

నేను అంతసేపు మాట్లాడానని అప్పుడు తెలిసింది. ముసలమ్మ మేనత్త చెయ్యి లాక్కుని గోళ్ళని వెలుతురులో పెట్టి చూసింది. చుట్టూ మూగారు. ఎవరూ నవ్వలేదు. "ఓలమ్మా," అంది ఒకామె, అంతే.

సాయంత్రం మా అరుగు మీద కూర్చుని ఉన్నాను. షెడ్డు నుంచి వస్తున్న ఆ "ఓలమ్మా" అన్న మనిషే, విరిగిన చెవి కమ్మ ఒకటి గుప్పిట్లో పట్టుకుని, ఇంటికి పోకుండా వీధి చివర కంసాలి తాత కొట్టు మెట్లెక్కింది. లోపల కుంపటి రాజుకుంటున్న పొగ వీధిలోకి వచ్చింది.