మా అన్నకొచ్చిందే నాకెందుకొచ్చింది?

నాగర్‌కర్నూల్ బస్టాండు దగ్గర ఉడకబెట్టిన పల్లికాయల వాసన తగిలితే ఇప్పటికీ నా నడక నెమ్మదిస్తుంది. గద్వాల దగ్గరి గట్టు అనే ఊళ్లో నేను పదో తరగతి చదివేటప్పుడు, సాయంత్రం క్లాసులకు ఆగిన మాకు సైన్సు చెప్పే విజయమ్మ టీచర్ ఇంటి నుంచి గిన్నెడు పల్లికాయలు తెచ్చేవారు. మా అమ్మానాన్నలు కూలికి వలస పోయారు. ఆ ఏడు నా చదువు ఆగకుండా చూసింది ఆమే.

ఆ చలికాలంలోనే టీచర్‌కు మెదడు పొరలు వాచే జ్వరం వచ్చింది. చిన్నప్పుడూ ఒకసారి వచ్చి తగ్గిందట. ఆమె అన్న అదే జ్వరంతో బడి ఈడులోనే పోయాడు. ఈసారి ఆమె బతికి వచ్చారు కానీ వినికిడి దాదాపు పోయింది. నేను తల వంచుకుని ఏదో అడిగితే గడ్డం పట్టి పైకెత్తారు.

"నా మొకం చూసి మాట్లాడు బిడ్డా. పెదాలు చూస్తే నాకు తెలుస్తది."

అలా తలెత్తి మాట్లాడటం అలవాటైంది. ఆమె ప్రోత్సాహంతోనే నర్సునయ్యాను.

వాళ్లింటికి ఏదో పట్టిందని ఊళ్లో అనేవాళ్లు. టీచర్ మాత్రం కనిపించిన ప్రతి డాక్టరునూ అడిగేవారు. ఒకసారి గద్వాలలో ఒక డాక్టరు దగ్గరికి నేనూ తోడు వెళ్లాను.

"సార్, మా అన్నకొచ్చిందే నాకు రెండుసార్లు వచ్చింది. ఎందుకొస్తదో జర చూడుర్రి."

"తగ్గింది కదమ్మా, ఇంక పరేషాన్ ఎందుకు?" అన్నాడాయన.

బయటికొచ్చాక టీచర్ నాతో అన్నారు: "మల్ల వస్తదేమోననే గద అడిగిన."

కొన్నేళ్లకు మళ్లీ వచ్చింది. పొద్దున జ్వరం, సాయంత్రానికి ఒంటిమీద ఊదా మచ్చలు. హైదరాబాదు తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా అని అడిగింది. అన్న సంగతి టీచర్ చెల్లెలు సుశీల చెప్పింది. రక్తం పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేసరికి టీచర్ లేరు.

క్రిములను చంపడానికి ఒంట్లో కలిసి పనిచేసే ప్రోటీన్లలో ఒకటి ఆమెకు పుట్టుకతోనే లేదట. తల్లిదండ్రులు ఆరోగ్యంగా ఉన్నా పిల్లలకు ఈ లోపం రావచ్చని చెప్పి, సుశీలకూ పరీక్ష చేశారు. ఆమెకూ ఆ ప్రోటీన్ లేదు. టీకాలు వేసి, ఏ జ్వరమొచ్చినా వెంటనే రమ్మన్నారు.

"అక్క అడిగిన నాడే చూసుంటే ఉంటుండె గద?" అంది సుశీల నా చేయి పట్టుకుని.

సుశీల ఇప్పుడు వనపర్తిలో ఉంటుంది. పోయిన వానాకాలం జ్వరమొస్తే నేరుగా దవాఖానకు పోయి, మందు ఎక్కించుకుని, ఇంటికి తిరిగొచ్చింది. ఆ కబురు విని సంతోషించాను, ఏడ్చాను కూడా.

మా వార్డులో ఏ తల్లైనా "మా పెద్దోనికి గూడ గిట్లనే అయింది సిస్టర్" అంటే, చేతిలో పని పక్కనపెట్టి డాక్టరును పిలుచుకొస్తాను. కొందరు విసుక్కుంటారు. ఆ తల్లి చెప్పడం పూర్తయ్యేదాకా నేను అక్కడి నుంచి కదలను.