మిల్లు గేటు ముందు పిడికెడు బియ్యం

సంతల మీద నేను రాసిన టపా చదివి, గోనెసంచులు నేసే చోటు కూడా చూపించమని ఒక పాఠకురాలు అడిగారు. నాకూ చూడాలనే ఉంది. రాష్ట్రం విడిపోయాక వచ్చిన ఈ వేసవిలో, మొన్న శనివారం పొద్దున్నే విజయనగరం కాంప్లెక్సులో పాలకొండ బస్సెక్కాను. నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి దాటాక కాసేపటికి ఒక మిల్లు ఊరొస్తుంది. పేరు రాయను, రాస్తే అక్కడివాళ్లకే తలనొప్పి. గంటన్నర ప్రయాణం. ఎడమవైపు కూర్చుంటే ఎండ తగలదు.

దిగి, మిల్లుకి పోనివ్వమంటే ఆటో అతను నన్ను వింతగా చూశాడు. గేటుకి తాళం పడి మూడు నెలలైందట. కనుక్కోకుండా బయల్దేరిన నా తెలివిని నేనే తిట్టుకున్నాను. షిఫ్టుల వేళ నడిచే బస్సులు తీసేశారనీ, టీ కొట్లు మూతపడ్డాయనీ దారిపొడుగునా చెప్పాడు. పది రూపాయలు పుచ్చుకుంటూ, "మిల్లు ఆగిపోతే ఊరంతా ఆగిపోనాదమ్మా. ఈ రోజుకి మీదే మొదటి బేరం" అన్నాడు.

గేటు మీద నోటీసు అంటించి ఉంది. నష్టాలొచ్చాయట, సగం జీతానికి ఒప్పుకుంటూ ఒక్కొక్కరూ వచ్చి సంతకం పెడితేనే తెరుస్తారట. చదువుతుంటే ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి నార దుమ్ము పీల్చి దగ్గుతున్న మనుషులు ఎదురుగా డేరా కింద కూర్చుని ఉన్నారు. వాళ్లది నష్టం కాదు కాబోలు!

డేరా పక్కన పొయ్యి మీద పెద్ద డేగిసా. వండుతున్న సుగుణమ్మ మిల్లులో సంచులు కుట్టేదట. ఎవరు, ఏమిటి అని అడక్కుండానే నా చేతిలో కంచం పెట్టి, జావలా ఉడికిన అన్నం, ఉల్లిపాయ వేసింది. బియ్యం ఎక్కడివని అడిగాను. వాళ్ల బాప్టిస్టు చర్చికి వెళ్లే ఇళ్లలో ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు, ఆదివారం చర్చికి పట్టుకెళ్తారు. పాస్టరుగారి కుటుంబం తినేది అదే. గేటు మూశాక ఆయన ఆ బియ్యమంతా డేరాకి పంపించేసి, భార్యతో సహా ఇక్కడే అన్నానికి వరసలో నిలబడుతున్నారు. అది చూసి చర్చికి వెళ్లని ఇళ్లవాళ్లు కూడా పిడికెడు తీయడం మొదలుపెట్టారు.

ఇంట్లోనే అరకొరగా ఉంటే అందులోంచి మళ్లీ తీయడం ఎందుకన్నాను. "ఎవలింట్లో ఆలు తింటే రేపు ఎవలికాలే ఎల్లి సంతకం ఎట్టేస్తారమ్మా. ఈ పొయ్యి ఎలుగుతున్నన్నాళ్లూ ఒక్కడూ ఎల్లడు" అంది సుగుణమ్మ.

పన్నెండు కావస్తుండగా జీపొచ్చింది. ఆఫీసు మనిషొకడు, వెనక ఫొటోగ్రాఫరు, రెండు బస్తాల బియ్యం. యాజమాన్యం దయతో పంపిందనీ, బస్తాలు అందుకుంటూ అందరూ ఒక ఫొటోకి నిలబడాలనీ చెప్పాడు. తాళం వేసింది వాళ్లే, అన్నదాతలూ వాళ్లేనట! సుగుణమ్మ మరిది బస్తా దించడానికి లేచాడు. అతన్ని తప్పుపట్టలేను, అతనికి ఇద్దరు చిన్నపిల్లలు. ఆమె గరిటె వదలకుండానే జీపు దగ్గరికి వెళ్లింది.

"బస్తాలొద్దు బాబూ. ఇది పిడికెడు బియ్యం కుండ. మీ ఇంట్లో ఎసట్లో ఎయ్యకముందు ఆడమనిసి తీసిన పిడికెడుంటే తెండి, ఏస్తాను."

మరిది కూర్చున్నాడు. ఆఫీసు మనిషి ఎవరికో ఫోన్ చేసి, బస్తాలతోనే వెనక్కి పోయాడు.

ఆ పూట అన్నం చాల్లేదు. వరసలో ఆఖరున ఉన్న మరిదికి గంజినీళ్లే మిగిలాయి. తాగేసి, కంచం కడిగి బోర్లించి, గేటు వైపు చూడకుండా డేరాలోకి వెళ్లాడు.

తిరుగు బస్సులో నా కోపం తగ్గలేదు, ఇది రాస్తున్నప్పుడూ తగ్గలేదు. ఆటోకి బేరం లేదు, బస్సుకి జనం లేరు, పాస్టరుగారి ఇంట్లో పొయ్యిలో నిప్పు లేదు. గేటు మీది కాగితంలో మాత్రం ఒక్కరి నష్టమే రాసి ఉంది.

అటు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. చీపురుపల్లిలోనే కడుపు నిండా తిని వెళ్లండి. డేరా దగ్గర కొత్తవాళ్లకి ముందు కంచం పెడతారు, వద్దంటే ఊరుకోరు. వాళ్ల వంతు మీ కంచంలోకి రాకూడదంటే, ఆకలి లేదన్న మాట నిజమై ఉండాలి.