మోపెడ్ మీది ఎర్ర ఎల్

"లైసెన్సు వచ్చింది కదక్కా, ఈ ఎల్ పీకేద్దామా?" అంటా మెకానిక్ నా కారు అద్దం మీది స్టిక్కరుకు పెట్రోలు గుడ్డ అద్దినాడు. ఆ వాసనకు మా నాయన గుర్తుకొచ్చినాడు.

నాకప్పుడు రెండో తరగతి. సోమందేపల్లెలో పనికి పోవడానికి అమ్మ మోపెడ్ నేర్చుకుంటాంటే, నాయన దాని ముందర ఎర్రరంగుతో ఎల్ రాయించినాడు. మా ట్రాక్టరు మీద అన్న పేరుండేది, గేటు మీద నాయన పేరుండేది. అందుకే ఎల్ అంటే మా అమ్మ లక్ష్మీదేవి పేరే అనుకున్నా. బడంతా చెప్పుకున్నా.

అమ్మకు లైసెన్సు వచ్చినరోజే నాయన పెట్రోలు గుడ్డతో దాన్ని తుడవబోయినాడు. నేను అడ్డం నిలబడినా.

"అమ్మ పేరెందుకు తుడుస్తాండావు నాయనా?"

"పేరు కాదు పాపా, నేర్చుకునేటోళ్ల గుర్తు."

"మరి అమ్మ పేరు యాడుండాది?"

నాయన ట్రాక్టరు దిక్కు చూసినాడు, గేటు దిక్కు చూసినాడు. అమ్మ వచ్చి ఆయన చేతిలోని గుడ్డ లాక్కునింది.

"బిడ్డ సరిగ్గానే చదివింది. తుడవద్దు."

ఆ మోపెడ్ పాత ఇనుముకు పోయేదాకా ఎల్ పోలేదు. "ఇంకా నేర్చుకుంటానే ఉండావా అక్కా?" అని దారిలో ఎవరన్నా నవ్వినా అమ్మ బండి ఆపేది కాదు.

మెకానిక్ గోరుతో స్టిక్కరు అంచు లేపినాడు.

"ఉండనీ అన్నా," అంటి. "అది మా అమ్మ పేరు."