పెద్దచేను స్టాపు

ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఫోన్‌లో, "మేత బస్తాలు పెద్దచేలో దింపించండి" అంది. కిటికీలోంచి చూస్తే చేపల చెరువులే తప్ప ఎక్కడా చేను లేదు.

"చేను ఎక్కడండీ?" అన్నాను.

"అదేనండి" అంటూ దూరంగా ఒక చెరువు చూపించింది. "తవ్వించి ఇరవై ఏళ్లయిందండి. మా మామగారు వరి పండించిన నేల కదండీ. నీళ్లు పెట్టినంత మాత్రాన పేరెక్కడికి పోద్దండీ?"

ఒక చేపల చెరువును చూసి కుళ్లుకుంటానని ఎన్నడూ అనుకోలేదు. హైదరాబాద్‌లో నేను పనిచేసే ప్రైవేటు యూనివర్సిటీ చరిత్ర రాస్తున్నాను. అది బట్టల షాపు పైన రెండు అద్దె గదుల్లో మొదలైంది. నేను చదివిందీ అక్కడే. ఇప్పుడు మూడు అద్దాల క్యాంపస్‌లున్నాయి. ఆ గదుల మాట పుస్తకంలో వద్దన్నారు పైవాళ్లు. సరేనని నా చేత్తోనే కొట్టేశాను.

"మీరెక్కడ చదువుకున్నారండీ?" అని అడిగిందావిడ.

కొత్త క్యాంపస్ పేరు చెప్పాను.

"పెద్దచేను! పెద్దచేను దిగేవాళ్లు రావాలండీ!" అని కండక్టర్ కేకేశాడు. ఆవిడ లేచింది. చుట్టూ నీళ్లే. ఆ పేరు విని బస్సులో ఒక్కరూ వింతగా చూడలేదు, నేను తప్ప.